నీకేం, గట్టిదానివి!

(మిషిగన్ రాష్ట్రం కాంటన్‌లో జరిగిన తెలుగు మహిళల సమావేశంలో ఒక సైకియాట్రిస్టు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? ఆఖరి వరుసలో కొందరు అన్నయ్యలు కూడా ఉన్నట్టున్నారు. కార్లో కూర్చుందామనుకుని, చలికి తట్టుకోలేక లోపలికొచ్చినట్టున్నారు. (నవ్వులు) పర్లేదు, ఉండండి. మీకూ పనికొచ్చే సంగతే.

కమిటీవాళ్ళు నాకిచ్చిన టాపిక్ ‘మెనోపాజ్, మనసు’. నేను మన గురించి చెప్పను, మన పక్క ఊళ్ళ నల్లజాతి ఆడవాళ్ళ గురించి చెప్తానన్నాను. ఫోన్లో కాసేపు మాట లేదు. తర్వాత, "మేడమ్, మనవాళ్ళకి కనెక్ట్ అవుతుందంటారా?" అని మెల్లిగా అడిగారు. అయిందో లేదో చివర్లో మీరే చెప్పండి.

నేను 22 ఏళ్ళుగా డిట్రాయిట్‌లో ప్రాక్టీసు చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగానికి పైగా నల్లజాతి స్త్రీలే. అందులోనూ నలభై ఐదుకీ యాభై ఐదుకీ మధ్య వయసువాళ్ళు ఎక్కువ. మెనోపాజ్ గురించి నేను ఎంబీబీఎస్‌లో చదివింది ఒకటిన్నర పేజీ. ఇక్కడ సైకియాట్రీ రెసిడెన్సీ నాలుగేళ్ళలో ఆ మాత్రం కూడా లేదు. తెలిసిందంతా వాళ్ళ దగ్గర నేర్చుకున్నదే. అదీ నేను తప్పు చేశాక నేర్చుకున్నది. ముందు ఆ తప్పు చెప్తాను.

పేషెంట్ల సంగతులు బయట చెప్పకూడదు. అందుకని ముగ్గురి కథని కలిపి ఒకామెగా చెప్తాను. డ్రైవరమ్మ అందాం. వయసు 49. ఇరవై ఏళ్ళుగా సిటీ బస్సు నడుపుతోంది. ఇంట్లో పక్షవాతంతో మంచం పట్టిన తల్లి. కూతురు వేరే రాష్ట్రం వెళ్తూ ఈమె దగ్గర వదిలిన మనవడు. ఆదివారమైతే చర్చిలో తెల్ల గ్లవుజులు తొడుక్కుని, వచ్చినవాళ్ళందర్నీ వరుసల్లో కూర్చోబెట్టే డ్యూటీ. ఎవరింట్లో చావైనా వంట పాత్రతో ముందు చేరేది ఈమే.

ఒక రోజు బస్సు నడుపుతుండగా గుండె దడదడలాడింది. ఛాతీ దగ్గర సెగ మొదలై నెత్తి దాకా ఎక్కింది. యూనిఫాం తడిసి ముద్దయింది. ప్రాణం పోతోందనుకుంది. అంత భయంలోనూ బస్సు పద్ధతిగా పక్కకి ఆపి, ప్రయాణికులకి సారీ చెప్పి, రేడియోలో కబురు చేసింది. ఎమర్జెన్సీలో ఈసీజీ తీశారు, రక్తం తీశారు. "గుండె భేషుగ్గా ఉంది, ఇది యాంగ్జయిటీ" అని ఇంటికి పంపేశారు. మళ్ళీ రెండు నెలలకి అదే. మూడోసారి, "యాంగ్జయిటీ కదా, సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళు" అన్నారు. ఆ సైకియాట్రిస్టుని నేనే.

నేను అన్నీ అడిగాను. నిద్ర? తెల్లారుజామున మూడింటికి మెలకువ వచ్చేస్తుంది, దుప్పటి తడిగా ఉంటుంది. నీరసం? ఎప్పుడూ. కోపం? మనవడి మీద ఎన్నడూ అరవనిది, మొన్న అరిచి బాత్‌రూంలోకి వెళ్ళి ఏడ్చింది. మతిమరుపు? ఇరవై ఏళ్ళుగా తిరిగే రూట్లో ఒక మలుపు మర్చిపోయింది. నేను డిప్రెషన్ అని రాసి మందు ఇచ్చాను. నెల తర్వాత డోసు పెంచాను. ఆ తర్వాతి నెల ఇంకో మందు కలిపాను. మధ్యలో ఒక రోజు, మెచ్చుకుంటున్నాననుకుని, "ఇన్ని పనులు మోస్తున్నారు, మీరు చాలా స్ట్రాంగ్" అన్నాను. ఆమె నవ్వి ఊరుకుంది. ఆ నవ్వుకి అర్థం నాకు చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు.

నాలుగోసారి వచ్చినప్పుడు మా క్లినిక్‌లో బీపీ చూసే ఆమె, అరవై దాటిన నల్లజాతి పెద్దావిడ, ఈమె బ్యాగులోంచి విసనకర్ర తీసి విసురుకోవడం చూసింది. వాళ్ళ చర్చిల్లో ఉంటాయి, అట్ట విసనకర్రలు. వెనక వైపు ఫ్యూనరల్ హోమ్ వాళ్ళ అడ్రసు అచ్చేసి ఉంటుంది. మన పెళ్ళిళ్ళలో సంచుల మీద బట్టల షాపు పేరు ఉన్నట్టు. పెద్దావిడ ఆ విసనకర్ర చూసి, "నీకు ‘చేంజ్’ మొదలైందా తల్లీ?" అనడిగింది. మెనోపాజ్‌ని అక్కడి పాత తరం ఆడవాళ్ళు అలాగే అంటారు, ‘ద చేంజ్’ అని. మన అమ్మమ్మలు ‘ముట్లుడిగింది’ అన్నట్టు. డ్రైవరమ్మ చెప్పింది: "ఏడాదిన్నర అయింది, నెలలు గాడి తప్పి." "మరి డాక్టరమ్మకి చెప్పావా?" "అడగలేదు కదా."

తలుపు అవతల నేనున్నాను. విన్నాను.

నిజమే, అడగలేదు. మనసు డాక్టర్ని కాబట్టి నెలసరి నా డిపార్టుమెంటు కాదనుకున్నాను. ఎమర్జెన్సీవాళ్ళు గుండె డిపార్టుమెంటు. గైనకాలజిస్టేమో ఆమెకి మూడేళ్ళుగా అపాయింట్‌మెంటే దొరకలేదు. ఒకే మనిషిని ముగ్గురం మూడు ముక్కలు చేసుకుని, ఎవరి ముక్క వాళ్ళం చూశాం.

ఇప్పుడు లెక్కలు కొంచెం. విసుక్కోకండి, ఇవి మన పక్కవాళ్ళ లెక్కలు. ఈ కాంటన్‌లోంచి మిషిగన్ ఎవెన్యూ ఎక్కి తూర్పుకి పోతే వేన్ దాటగానే ఇంక్‌స్టర్. పడమరకి పోతే ఇప్సిలాంటి. మనం రెంటికీ మధ్యలో ఉన్నాం. మనలో చాలామంది ఆ రెండు ఊళ్ళలోనూ పెట్రోలు కొట్టించడానికి కూడా ఆగం. ఫోర్డ్ రూజ్ ప్లాంటులో పనికొచ్చిన నల్లజాతి కార్మికులకి, ప్లాంటు ఉన్న డియర్‌బోర్న్‌లో ఇల్లు దొరికేది కాదు. ఉద్యోగం ఇక్కడ చెయ్యి, పడుకోవడానికి మాత్రం ఇంకెక్కడికైనా పో. అలా పెరిగిన ఊరు ఇంక్‌స్టర్.

మెనోపాజ్ గురించి ఎవరు ఏ మీటింగులో మాట్లాడినా చివరికి ఒక స్టడీ దగ్గరికి వచ్చి తీరాలి. దాన్ని స్వాన్ అంటారు. 1996లో అమెరికాలో ఏడు చోట్ల 42 నుంచి 52 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళని 3,302 మందిని చేర్చుకున్నారు. ఏటేటా పిలిచి, రక్తం తీసి, నిద్ర అడిగి, దిగులు అడిగి, దశాబ్దాల పాటు వాళ్ళ వెంట నడిచారు. ఆ ఏడు చోట్లలో డిట్రాయిట్ ఒకటి. డిట్రాయిట్ అంటే ఎక్కడో కాదు, ఇంక్‌స్టర్, ఇప్సిలాంటి ఆడవాళ్ళే. ప్రపంచంలో ఏ డాక్టరైనా ఈ రోజు మెనోపాజ్ గురించి ఒక ముక్క చెప్తున్నాడంటే, అందులో మనం కారు ఆపకుండా దాటిపోయే ఆ వీధుల ఆడవాళ్ళ రక్తం ఉంది.

వాళ్ళ దగ్గర తెలిసిందేంటి? వేడి ఆవిర్లు, అంటే డ్రైవరమ్మకి బస్సులో వచ్చినలాంటి సెగలు, ఒకటి రెండేళ్ళు ఉండి పోతాయని మా పుస్తకాల్లో ఉండేది. 2015లో స్వాన్ లెక్క బయటికొచ్చింది. రెండు వారాల్లో ఆరు రోజులైనా ఆవిర్లు వచ్చేవాళ్ళని తీసుకుంటే, సగటు ఆడమనిషికి అవి 7.4 ఏళ్ళు ఉంటున్నాయి. తెల్లజాతివాళ్ళకి 6.5. జపాన్ మూలాలవాళ్ళకి 4.8. నల్లజాతి స్త్రీలకి 10.1 ఏళ్ళు. పదేళ్ళండీ. పెళ్ళికి కట్టుకున్న పట్టుచీర జరీ నల్లబడిపోయేంత కాలం. ఒక పిల్ల మూడో తరగతి నుంచి కాలేజీకి వెళ్ళేంత కాలం, అమ్మ రాత్రిళ్ళు సరిగా నిద్రపోకుండా ఉంటుంది.

పైగా వాళ్ళకి మెనోపాజ్ తెల్లవాళ్ళకన్నా సుమారు ఎనిమిదిన్నర నెలలు ముందే వస్తోందని 2022లో ఆ స్టడీవాళ్ళే అంతా కూర్చి చెప్పారు. అయితే ఇక్కడో తిరకాసు ఉంది, నాకు చాలా ఇష్టమైన తిరకాసు. స్టడీలో చేరాలంటే వయసు 42 దాటాలి, గర్భసంచి ఉండాలి, ఈ మధ్య నెలసరి వచ్చి ఉండాలి. మరి 40కే నెలసరి ఆగిపోయినావిడ? ఫైబ్రాయిడ్లని, అంటే గర్భసంచిలో గడ్డలని, 38కే గర్భసంచి తీయించుకున్నావిడ? గేటు దగ్గరే ఆగిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది ఎవరు? నల్లజాతివాళ్ళే. ఫైబ్రాయిడ్లు వాళ్ళకి ఎక్కువ, చిన్న వయసులోనే వస్తాయి, ఆపరేషన్లూ ఎక్కువ. అంటే అందరికన్నా ముందే అలిసిపోయినవాళ్ళని బయట నిలబెట్టి, మిగిలినవాళ్ళని లెక్కేసి తేడా చూశారు. ఆ లోపాన్ని స్వాన్ లెక్కల మీద పనిచేసినవాళ్ళే 2023లో బయటపెట్టారు. వేరే ఎవరో తప్పుపట్టేదాకా ఆగకుండా తమ తప్పు తామే వెతుక్కోవడం, అదీ సైన్సంటే.

సరే, మనసు సంగతికి వద్దాం.

ఈస్ట్రోజెన్ అనే ఆడవాళ్ళ హార్మోను గర్భసంచికి మాత్రమే చెందిన వస్తువని అందరం అనుకుంటాం. దానికి మెదడులోనూ బోలెడు పని ఉంది. సెరటోనిన్ లాంటి, మనసుని నిలకడగా ఉంచే రసాయనాల మీద దాని చెయ్యి ఉంటుంది. హైపోథాలమస్ అని మెదడులో ఒక చిన్న భాగం మన ఒంటికి థర్మోస్టాట్. ఈస్ట్రోజెన్ తగ్గేకొద్దీ ఆ థర్మోస్టాట్ మరీ సుకుమారం అయిపోతుంది. ఒంటి వేడి వీసమెత్తు పెరిగినా, ‘అమ్మో, కాలిపోతున్నాం’ అని చెమటలు పట్టించేస్తుంది. అదే వేడి ఆవిరి. ఇంకో మాట. ఈస్ట్రోజెన్ మెట్టు మెట్టుగా తగ్గదు. నెలసరి పూర్తిగా ఆగేముందు నాలుగైదేళ్ళు ఎగురుతూ పడుతూ ఉంటుంది. మనసుకి గండం ఎక్కువగా ఆ ఎగుడుదిగుడు కాలమే. పిట్స్‌బర్గ్‌లో స్వాన్‌లో ఉన్న నల్లజాతి, తెల్లజాతి స్త్రీలనే విడిగా చూస్తే, ఈ దశ మొదలుకాకముందుతో పోలిస్తే ఇందులో అడుగుపెట్టాక పెద్ద డిప్రెషన్ రావడం రెండు నుంచి నాలుగు రెట్లు ఎక్కువగా కనబడింది. భయపడకండి, ఎక్కువమందికి రాదు. వచ్చేవాళ్ళు ఎవరు? ఇదివరకు ఒకసారి డిప్రెషన్ వచ్చినవాళ్ళు, నిద్ర కరువైనవాళ్ళు, ఆ కాలంలోనే ఇంట్లో చావో విడాకులో ఉద్యోగం పోవడమో చూసినవాళ్ళు.

స్వాన్‌లో చేరిన రోజునే దిగులు మార్కులు నల్లజాతి స్త్రీలకి తెల్లవాళ్ళకన్నా ఎక్కువ వచ్చాయి. అక్కడితో ఆగితే ఎవరైనా ఏమంటారు? ‘వాళ్ళ ఒంటి తత్వం అంత’ అంటారు. కానీ ఆదాయం, చదువు, నెలాఖరుకి ఇల్లు గడవడం ఎంత కష్టం, ఇవన్నీ లెక్కలో కలిపితే ఆ తేడా చాలావరకు కరిగిపోయింది. తత్వం కాదండీ, బతుకు.

దీనికి మన పక్క ఊరు ఆన్ ఆర్బర్‌లో, మిషిగన్ యూనివర్సిటీలో ఆర్లీన్ జెరోనిమస్ అని ఒకావిడ 1992లోనే ఒక మాట పెట్టింది, ‘వెదరింగ్’ అని. ఎండకీ వానకీ నిలబడ్డ గోడ పెచ్చులూడినట్టు, ఎడతెగని ఒత్తిడికి ఒళ్ళు వయసుకి మించి అరిగిపోవడం. 2010లో ఆవిడా, తోటివాళ్ళూ స్వాన్‌లోనే 49 నుంచి 55 ఏళ్ళ మధ్య స్త్రీల కణాల్లో టీలోమియర్లు కొలిచారు. అవి క్రోమోజోముల చివర ఉండే తొడుగులు. చెప్పుల అడుగుల్లాంటివి, నడిచేకొద్దీ అరుగుతాయి. అదే వయసు తెల్ల స్త్రీలకన్నా నల్లజాతి స్త్రీల ఒళ్ళు ఏడున్నరేళ్ళు ఎక్కువ ముదిరినట్టు లెక్క తేలింది. చిన్న శాంపిలే, దాన్ని పట్టుకుని ఊరేగనక్కర్లేదు. కానీ దారి ఎటో చూపిస్తోంది.

ఈ ఒత్తిడి ఎలా ఉంటుందో స్వాన్‌వాళ్ళు నేరుగా అడిగారు. హోటల్లో మీకు మిగతావాళ్ళకన్నా చెత్తగా వడ్డిస్తారా? మిమ్మల్ని చూసి జనం భయపడినట్టు ఉంటారా? మీరు తెలివి తక్కువవాళ్ళన్నట్టు ప్రవర్తిస్తారా? రోజూనా, వారానికోసారా? ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అయినా రోజూ కొంచెం కొంచెం. ఇలాంటివి ఎక్కువ ఎదురైనవాళ్ళకి ఆవిర్లు కూడా ఎక్కువగా ఉన్నాయని తేలింది. మనం ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. మన ఇళ్ళలో వాళ్ళని ఒక పొట్టి మాటతో పిలుస్తాం, పిల్లల ముందే. ఏ మాటో చెప్పనక్కర్లేదు, మీ మొహాలు చూస్తే తెలుస్తోంది. ఇల్లు కొనేటప్పుడు రియల్టర్‌ని మనం ఏమడుగుతామో కూడా నాకు తెలుసు, నేనూ అడిగాను కాబట్టి. ఆ ప్రశ్నాపత్రంలో జవాబులకి మనం కూడా కొంత బాధ్యులమే. (నిశ్శబ్దం) సరే, అది చెప్పాలనే వచ్చాను, చెప్పేశాను.

ఇక ‘స్ట్రాంగ్’ సంగతి. డ్రైవరమ్మ నవ్వి ఊరుకుందన్నాను కదా. వాళ్ళకి చిన్నప్పట్నుంచి చెవిలో పోసే మాట అది. అమ్మమ్మ స్ట్రాంగ్, అమ్మ స్ట్రాంగ్, నువ్వూ స్ట్రాంగ్. షెరిల్ వుడ్స్-జిస్కోంబే అని నార్త్ కరొలైనాలో నర్సింగ్ ప్రొఫెసరు, తనూ నల్లజాతి స్త్రీ, 2010లో దీని మీద రాసింది. దానికి ‘సూపర్ ఉమన్ స్కీమా’ అని పేరు పెట్టింది. బలంగా కనబడి తీరాలి, కన్నీళ్ళు మింగాలి, సాయం అడగకూడదు, అందరి తర్వాతే నా సంగతి. ఆవిడ దీన్ని తప్పని కొట్టిపారేయలేదు. ఇది వాళ్ళని బతికించిన పద్ధతే. బానిసత్వంలో పిల్లల్ని అమ్మేస్తుంటే కూలబడితే ఎలా? కానీ బతికించినదే లోపల్నుంచి తింటుంది కూడా. బాధ చెప్పుకోనివాళ్ళకి బాధ లేదనుకుంటాం. నేనన్న ‘మీరు చాలా స్ట్రాంగ్’ అన్న మాట ఆమెకి ఎలా వినిపించిందో తెలుసా? ‘మోస్తున్నావుగా, ఇంకా మోయి’ అని. మన ఇళ్ళలో పెద్దకోడలితో అంటాం చూడండి, "నీకేం, గట్టిదానివి" అని. సరిగ్గా ఆ గొంతే.

మా పరీక్ష కాగితాలు కూడా ఆ గట్టితనం ముందు పనిచెయ్యవు. డిప్రెషన్‌కి తొమ్మిది ప్రశ్నల కాగితం ఒకటి ఉంటుంది, మీలో చాలామంది ఫ్యామిలీ డాక్టర్ దగ్గర నింపే ఉంటారు. దిగులుగా ఉందా, దేని మీదా ఆసక్తి లేదా, నిద్ర పట్టడం లేదా… అందులో కోపం గురించి ఒక్క ప్రశ్న లేదు. ఆవిర్లూ లేవు, నెలసరీ లేదు. న్యూయార్క్‌లో నర్సింగ్ పరిశోధకులు 2022లో రెండు వందల పైచిలుకు నల్లజాతి స్త్రీలని చూశారు. డిప్రెషన్ ఉన్నవాళ్ళు ‘దిగులు’ అని చెప్పడంకన్నా నిద్ర లేదు, చిరాకు, నా తప్పే అన్న మాటలే ఎక్కువ చెప్పారు. వాళ్ళంతా కాస్త చిన్న వయసు తల్లులు, మెనోపాజ్‌వాళ్ళు కాదు. కానీ ఆ మాటలు వింటే నాకు డ్రైవరమ్మ గొంతే వినిపిస్తుంది. ఆమె ఒక్కసారి కూడా ‘దిగులుగా ఉంది’ అనలేదు. "అలిసిపోయాను" అంది, "చిరాగ్గా ఉంది" అంది. నిరుత్సాహంగా ఉందా అని నేను పుస్తకం భాషలో అడిగితే, "నాకు అంత తీరికెక్కడిది డాక్టర్?" అంది.

డాక్టరుకి తనంతట తాను ఎందుకు చెప్పలేదు అని మీరడగొచ్చు. నమ్మకం ఊరికే రాదు, ఊరికే పోదు. ఫ్యానీ లూ హేమర్ పేరు విన్నారా? మిసిసిపీలో పత్తి చేలల్లో పనిచేసి, ఓటు హక్కు కోసం తన్నులు తిన్న మనిషి. 1961లో గర్భసంచిలో ఒక గడ్డ తీయించుకుందామని ఆసుపత్రికి వెళ్ళింది. గర్భసంచే తీసేశారు. ఆమెని అడగలేదు, చెప్పలేదు. తర్వాత ఊళ్ళో నోటి మాటగా ఆమె చెవిన పడింది. ఆ ప్రాంతంలో ఇది ఎంత మామూలంటే, ఆమె దానికి ‘మిసిసిపీ అపెండెక్టమీ’ అని, అంటే ‘మిసిసిపీ అపెండిక్స్ ఆపరేషన్’ అని పేరు పెట్టింది. స్వాన్‌లో చేరినవాళ్ళు అప్పటికి ఏడు నుంచి పదిహేడేళ్ళ పిల్లలు. వాళ్ళలో చాలామంది తల్లిదండ్రులు దక్షిణాది నుంచి డిట్రాయిట్‌కి వచ్చినవాళ్ళే. ఈ కథలు వంటింట్లో వింటూ పెరిగారు. ‘ఆడవాళ్ళ సంగతి’ డాక్టరుకి చెప్తే కత్తి తీస్తాడన్న భయం మూర్ఖత్వం కాదు, జ్ఞాపకం.

పాత కథ అని తీసెయ్యడానికీ లేదు. 2016లో వర్జీనియా యూనివర్సిటీలో తెల్లజాతి మెడికల్ స్టూడెంట్లని, రెసిడెంట్లని అడిగితే, సగం మంది నల్లవాళ్ళ ఒంటి గురించి ఏదో ఒక అబద్ధాన్ని నిజమేనన్నారు. చర్మం మందంగా ఉంటుంది లాంటివి. అలా నమ్మినవాళ్ళు నల్లజాతి పేషెంటు నొప్పిని తక్కువ అంచనా వేశారు. నొప్పినే నమ్మనివాడు ఆవిరిని నమ్ముతాడా?

డబ్బూ పేరూ ఉంటే తప్పించుకోవచ్చా? టీవీలో అంత పేరున్న ఓప్రా విన్‌ఫ్రే తనే చెప్పింది. 48 ఏట గుండె దడతో రాత్రిళ్ళు నిద్రలేక ఐదుగురు డాక్టర్ల దగ్గరికి వెళ్తే, ఒక్కరూ మెనోపాజ్ మాటెత్తలేదట. ఓప్రాకే ఐదుగురు చెప్పకపోతే బస్సు డ్రైవరుకి నేను చెప్పకపోవడంలో ఆశ్చర్యమేముంది అని నన్ను నేను సమాధానపరుచుకోబోయాను ఒకసారి. కుదర్లేదు. మిషెల్ ఒబామా 2020లో తన పాడ్‌కాస్ట్‌లో మాట్లాడుతూ, అధ్యక్షుడి హెలికాప్టర్లో ఒక కార్యక్రమానికి వెళ్తుంటే ఒంట్లో ఎవరో కొలిమి పెట్టి రాజేసినట్టయిందని చెప్పింది. ఎదురుగా కూర్చుని వింటున్న గైనకాలజిస్టు షారన్ మలోన్ కూడా నల్లజాతి స్త్రీయే. ఆ ఎపిసోడు తర్వాత నా క్లినిక్‌లో నలుగురైదుగురు, అడక్కుండానే, "మిషెల్‌కి వచ్చిందే, అదే" అన్నారు. ఒక పేరున్న మనిషి నోరు విప్పితే అంత పని జరుగుతుంది.

మందుల సంగతి త్వరగా చెప్పేస్తాను, భోజనాలు చల్లారిపోతున్నాయని సైగ చేస్తున్నారు. 2002లో, మెనోపాజ్‌కి ఇచ్చే హార్మోన్ల మీద ఒక పెద్ద ట్రయల్‌ని మధ్యలో ఆపేశారు. రొమ్ము క్యాన్సరు, గుండెజబ్బు పెరుగుతున్నాయని. రాత్రికి రాత్రి దేశమంతా మాత్రలు చెత్తబుట్టలో పడేశారు. ఆ ట్రయల్లో సగటు వయసు 63. యాభైల్లో ఉన్నవాళ్ళకి లెక్క వేరని తర్వాత తేలింది. 2025 నవంబరులో ఎఫ్‌డీఏ, అంటే ఇక్కడ మందులకి అనుమతిచ్చే ప్రభుత్వ సంస్థ, కూడా ఆ మందుల డబ్బాల మీది నల్లగీత హెచ్చరికల్లో చాలావాటిని తీసేయిస్తున్నట్టు ప్రకటించింది. హార్మోన్లు అందరికీ పడవు. రొమ్ము క్యాన్సరు వచ్చినవాళ్ళు, రక్తం గడ్డలు కట్టినవాళ్ళు, స్ట్రోక్ వచ్చినవాళ్ళు వాడకూడదు. హార్మోను లేని మందులూ ఉన్నాయి. డిప్రెషన్‌కి వాడే పారాక్సెటిన్‌నే చిన్న డోసులో ఆవిర్లకి 2013లో ఒప్పుకున్నారు. ఆ థర్మోస్టాట్ మీదే పనిచేసే కొత్త మందు 2023లో వచ్చింది, దానికి లివర్ పరీక్షలు చేయించుకోవాలి, ఖరీదూ ఎక్కువే. నిద్రకి, ఆవిర్ల బాధకి కౌన్సెలింగ్ కూడా బాగా పనిచేస్తుంది. ఇన్ని ఉన్నాయి, కానీ నల్లజాతి స్త్రీలకి ఆవిర్లు అందరికన్నా ఎక్కువ, హార్మోన్ మందు చీటీ మాత్రం తక్కువ. బీపీ ఉంది కదా అని చర్చ లేకుండా ‘నీకు పడదు’ అనేసేవాళ్ళున్నారు. బీపీ అదుపులో ఉంటే, చర్మం మీద అంటించే హార్మోన్ ప్యాచ్ గురించి కనీసం మాట్లాడొచ్చు. ఇక కౌన్సెలింగ్‌కి వెళ్దామంటే ఈ దేశంలో సైకాలజిస్టుల్లో నల్లజాతివాళ్ళు నూటికి ఐదుగురు ఉంటే గొప్ప.

డ్రైవరమ్మ విషయంలో నేను చేసింది చాలా చిన్నది. గైనకాలజిస్టుకి నేనే ఫోన్ చేసి మాట్లాడాను. ఆమెకి ప్యాచ్ పెట్టారు. నేనిచ్చిన రెండు మందుల్లో ఒకటి తీసేశాను, ఒకటి ఉంచాను, ఎందుకంటే డిప్రెషన్ కూడా నిజంగానే ఉంది. ఇది ముఖ్యం. ‘అంతా హార్మోన్లే’ అనడం, ‘అంతా మనసే’ అనడం లాంటి పొరపాటే. ఆరు వారాలకి నిద్ర పట్టింది. తల్లి మంచం మీదే ఉంది, మనవడు అలాగే ఉన్నాడు, సూపర్‌వైజరు అలాగే ఉన్నాడు. వాటికి నా దగ్గర చీటీ లేదు.

అప్పట్నుంచి నలభై దాటిన ప్రతి ఆడమనిషినీ, మొదటి రోజే, నిద్ర అడిగిన వెంటనే నెలసరి అడుగుతాను. ఐదు సెకన్లు పడుతుంది.

ఇంక ప్రశ్నలుంటే అడగండి.

(ముందు వరుసలోంచి ఒకరు: డాక్టరుగారూ, మనవాళ్ళకి కూడా ఇంతేనా? పదేళ్ళా?)

మంచి ప్రశ్నమ్మా. స్వాన్‌లో చైనా మూలాలవాళ్ళున్నారు, జపాన్‌వాళ్ళున్నారు, మనం లేము. కాబట్టి పదేళ్ళనీ, ఐదేళ్ళనీ మీకు నేను అంకె చెప్పలేను. ఒకటి మాత్రం చెప్పగలను. 2015-16లో మన దేశంలో ఇంటింటి ఆరోగ్య సర్వేలో మొదటిసారి గర్భసంచి ఆపరేషన్ లెక్క తీశారు. 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో దేశం మొత్తం మీద నూటికి 3.2. ఆంధ్రలో 8.9, తెలంగాణలో 7.7. మొదటి రెండు స్థానాలూ మనవే. (హాల్లో గుసగుసలు) మీలో ఎంతమంది అక్కలకి, పిన్నులకి ముప్పై ఐదు లోపే తీసేశారో చేతులెత్తమని అడగను. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీస్తే మరునాడే మెనోపాజ్. ఆ తర్వాత పిన్ని చిరాకు పడుతుంటే ఇంట్లో అందరూ ‘ఆవిడ బుద్ధే అంత’ అన్నారు. అయితే, మనదీ వాళ్ళదీ ఒకటే కథ అని మాత్రం నేను అనను. మనకి ఇక్కడ నోరు తిరిగిన కజిన్ డాక్టరు ఒకడుంటాడు, వాట్సాప్‌లో అడుగుతాం. ఇంక్‌స్టర్‌లో ఆవిడకి ఆ కజిన్ లేడు.

(వెనక వరుసలోంచి ఒకాయన: మా టీమ్‌లో ఒకావిడ, నల్లజాతి ఆవిడే, మీటింగులో మాటిమాటికీ లేచి బయటికి వెళ్తోంది. నేను మేనేజర్ని. ఏం మాట్లాడాలి?)

ఆవిడకి యాభై ఉంటాయా? ఆరోగ్యం సంగతి మీరు అడక్కండి అన్నయ్యా, అది ఆవిడ సొంత విషయం. ఏసీ రెండు పాయింట్లు తగ్గించండి. తలుపు దగ్గర కుర్చీ ఖాళీగా ఉంచండి. రివ్యూలో ‘ఆటిట్యూడ్’ అనే మాట రాయబోతే చెయ్యి ఆపుకోండి. (చప్పట్లు)

ఇంకో మాట, ఎవరూ అడక్కపోయినా. మీకు గానీ, మీకు తెలిసినవాళ్ళకి గానీ, ఇక చాలు, పోదాం అన్న ఆలోచన వస్తుంటే, ఈ దేశంలో 988కి ఫోన్ చెయ్యొచ్చు, అర్ధరాత్రైనా. సరేనా.

(ఒక అమ్మాయి: ఆంటీ, ఆ డ్రైవరమ్మ ఇప్పుడెలా ఉంది?)

ఏ డ్రైవరమ్మ తల్లీ? ముగ్గురని చెప్పాను కదా. ఒకావిడ ఇప్పటికీ వస్తుంది, మూణ్ణెల్లకోసారి, మనవడి ఫోటోలు చూపిస్తుంది. ఒకావిడ అట్లాంటా వెళ్ళిపోయింది, కూతురి దగ్గరికి. ఆ విసనకర్ర ఆవిడ ఉంది చూశావా, ఆవిడ రిటైరైంది. ఇన్సూరెన్సు మారింది, మా క్లినిక్ అందులో లేదు. ఎలా ఉందో నాకు తెలీదు.